డేటాసోర్స్‌కి @కాన్ఫిగరేషన్‌ప్రాపర్టీస్: పని బాగా చేస్తుంది, తప్పు రాస్తే మాత్రం నోరు విప్పదు

మార్కులు ముందే చెప్పేస్తాను, తొందరలో ఉన్నవాళ్లు ఇక్కడితో ఆగిపోవచ్చు. జావా అప్లికేషన్లు కట్టే స్ప్రింగ్ బూట్‌లో డేటాసోర్స్ (డేటాబేసుకి కనెక్షన్లు ఇచ్చే భాగం) వివరాలను ఫైల్లోంచి కోడ్‌లోకి తెచ్చుకోవడానికి ఉన్న @కాన్ఫిగరేషన్‌ప్రాపర్టీస్ అనొటేషన్‌కి (కోడ్ మీద @ గుర్తుతో అంటించే సూచన) అయిదుకి నాలుగు. దానికంటే ముందు నుంచీ ఉన్న @వాల్యూకి రెండున్నర. జావా ఈఈ వాళ్ల @డేటాసోర్స్‌డెఫినిషన్‌కి ఒకటి, అదీ మొహమాటానికి.

నేను హైదరాబాద్‌లో చిట్‌ఫండ్ కంపెనీలకు సాఫ్ట్‌వేర్ రాసే చిన్న టీములో బ్యాకెండ్ చూస్తాను. మా అప్లికేషన్‌కి మామూలు రోజుల్లో పెద్ద పనేం ఉండదు. పాట రోజున మాత్రం బ్రాంచీలన్నీ ఒకేసారి ఎక్కుతాయి. ఎవరు ఎంత తగ్గించి పాడారు, ఎవరి వాయిదా బాకీ ఉంది, ఈ నెల డివిడెండు పోను మిగతావాళ్లు ఎంత కట్టాలి, అన్నీ ఆ గంటలోనే తేలాలి. వెనకాల డేటాబేసులు రెండు: లావాదేవీలకు ఒక పోస్ట్‌గ్రెస్, రిపోర్టులకు దాని రెప్లికా (నకలు). డెవలపర్ ల్యాప్‌టాప్‌లో ఒక అడ్రసు, టెస్టింగ్‌లో ఇంకోటి, ప్రొడక్షన్‌లో మరోటి. కోడ్ అన్నిచోట్లా అదే ఉండాలి, యూఆర్ఎల్, యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, పూల్ సైజు (సిద్ధంగా ఉంచుకునే డేటాబేసు కనెక్షన్ల సంఖ్య), టైమవుట్ లాంటివి మాత్రం చోటుని బట్టి మారాలి. ఈ అనొటేషన్ల దగ్గర నేను ఆశించేది అంతే, ఈ మార్కులు కూడా ఆ పనికే.

@డేటాసోర్స్‌డెఫినిషన్ సంగతి రెండు ముక్కల్లో తేల్చేస్తాను. 2009లో జావా ఈఈ 6తో వచ్చింది. డ్రైవర్ క్లాసు, యూఆర్ఎల్, యూజర్, పాస్‌వర్డ్ అన్నీ అనొటేషన్ బ్రాకెట్లలోనే రాసేయాలి. జావాలో అనొటేషన్‌కి ఇచ్చే విలువ కంపైల్ అయ్యేనాటికే ఖాయమైపోవాలి కాబట్టి పాస్‌వర్డ్ మారిన ప్రతిసారీ మళ్లీ బిల్డు చెయ్యాలి. పైగా ఆ పాస్‌వర్డ్ నేరుగా గిట్‌లోకి వెళ్లి కూర్చుంటుంది. పయారా లాంటి సర్వర్లు ఆ కొటేషన్ల మధ్య డాలర్ గుర్తు పెట్టి బయటి విలువ తెచ్చుకోనిస్తాయి. కానీ అది ఆ సర్వర్ సొంత వెసులుబాటు, రేపు సర్వర్ మారిస్తే అది మనతో రాదు. డెమోలకు బాగుంటుంది. మా దగ్గర డబ్బు లెక్కలున్నాయి, కాబట్టి వద్దు.

@వాల్యూ స్ప్రింగ్ 3.0తో వచ్చింది. మా టీములో చేరే పిల్లలందరికీ వచ్చేది ఇదే, ఎందుకంటే నేర్చుకోవడానికి అయిదు నిమిషాలు చాలు. ఫీల్డు మీద అనొటేషన్ పెట్టి, కొటేషన్లలో డాలరూ ఫ్లవర్ బ్రాకెట్లూ వేసి, మధ్యలో కీ పేరు రాస్తే చాలు, ప్రాపర్టీస్ ఫైల్లోంచి విలువ వచ్చేస్తుంది. దీనిలో ఒక మంచి గుణం ఉంది, అది ఒప్పుకోవాలి. కీ దొరక్కపోతే అప్లికేషన్ లేవదు. "కుడ్ నాట్ రిజాల్వ్ ప్లేస్‌హోల్డర్" అని కీ పేరుతో సహా మొహం మీదే చెప్పి ఆగిపోతుంది. ఈ నిక్కచ్చితనం గుర్తుపెట్టుకోండి, కింద పనికొస్తుంది.

మరి రెండున్నరే ఎందుకంటే, ఆ నిక్కచ్చితనాన్ని పాడుచేసే ఏర్పాటు కూడా దానిలోనే ఉంది. కీ తర్వాత కోలన్ పెట్టి డిఫాల్ట్ విలువ రాయొచ్చు. టెస్టులు ఆగిపోతున్నాయని ఎవరో ఒకరు పాస్‌వర్డ్ కీ పక్కన ఉత్త కోలన్ పెట్టేస్తారు. ఇక ఫైల్లో కీ లేకపోయినా అప్లికేషన్ లేస్తుంది, ఖాళీ పాస్‌వర్డ్‌తో డేటాబేసు తలుపు తడుతుంది, అటు నుంచి ఆథెంటికేషన్ ఫెయిల్డ్ అని వస్తుంది. కీ లేకపోవడం అసలు రోగమైతే మనం పోయి డీబీఏని (డేటాబేసు చూసుకునే ఆయన్ని) పట్టుకుంటాం. ఆయన "పాస్‌వర్డ్ నేను మార్చలేదమ్మా" అంటాడు. ఆయన చెప్పేది నిజమే.

ఇంకోటి, విలువలు ఎక్కడెక్కడో పడి ఉంటాయి. యూఆర్ఎల్ ఒక క్లాసులో, టైమవుట్ ఇంకో క్లాసులో, అదే కీ మూడో క్లాసులో వేరే డిఫాల్టుతో. స్టాటిక్ ఫీల్డుకి పెడితే విలువ రాదు. ఫీల్డు మీద పెట్టి కన్‌స్ట్రక్టర్లో వాడబోతే అప్పటికింకా నల్ ఉంటుంది. కీ పేరును చిన్నక్షరాలతో, మధ్యలో హైఫన్లతో రాస్తేనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌తో (ఆపరేటింగ్ సిస్టమ్ నుంచి ఇచ్చే విలువ) సరిగ్గా కలుస్తుంది, క్యామెల్ కేసులో (మాటలు కలిపేసి మధ్యలో పెద్దక్షరాలతో) రాస్తే ఆ హామీ లేదు. ఒకటీ రెండూ విలువలకైతే నేనూ వాడతాను, కన్‌స్ట్రక్టర్ పారామీటర్ మీద పెట్టి. మొత్తం డేటాసోర్స్‌ని దాంతో కట్టడం మాత్రం బొంతకు అతుకులు వేసినట్టే ఉంటుంది.

ఇక అసలు సరుకు. @కాన్ఫిగరేషన్‌ప్రాపర్టీస్ స్ప్రింగ్ బూట్ 1.0 నుంచే, అంటే 2014 నుంచీ ఉంది. దీనికి ఒక్కో కీ కాదు, ఒక ప్రిఫిక్స్ ఇస్తాం. మా రిపోర్టుల డేటాబేసుకి "చిట్స్.రిపోర్ట్స్" అని ఇచ్చామనుకోండి, ఆ పేరుతో మొదలయ్యే కీలన్నీ ఒక క్లాసులో ఎక్కడివక్కడ సర్దుకుంటాయి. ఆ క్లాసు మనది కానక్కర్లేదు. నాకు బాగా నచ్చింది ఇదే. @బీన్ మెథడ్ (స్ప్రింగ్ చూసుకునే వస్తువును తయారుచేసే మెథడ్) మీద ఈ అనొటేషన్ పెడితే, ఆ మెథడ్ తిరిగిచ్చే హికారీ (కనెక్షన్ల పూల్ నడిపే లైబ్రరీ) డేటాసోర్స్‌లో ఉన్న సెట్టర్లను (విలువలు పెట్టే మెథడ్లను) చూసి విలువలు అదే నింపుతుంది. హికారీ కోడ్ మనం ముట్టుకోలేం, ముట్టుకోనవసరమూ లేదు.

పేర్ల విషయంలో ఉదారంగా ఉంటుంది. మాగ్జిమమ్-పూల్-సైజ్ అని హైఫన్లతో రాసినా, క్యామెల్ కేసులో కలిపి రాసినా, అండర్‌స్కోర్లు పెట్టినా ఒకటే. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌గా ఇవ్వాలంటే అన్నీ పెద్దక్షరాలు, చుక్క ఉన్నచోట అండర్‌స్కోర్, హైఫన్ ఉన్నచోట ఏమీ పెట్టకూడదు. ఈ చివరి ముక్క కాగితం మీద రాసి మానిటర్‌కి అంటించుకోండి. ఫైల్లో ఉన్న విలువ మీద ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ నెగ్గుతుంది, దాని మీద కమాండ్ లైన్లో ఇచ్చింది నెగ్గుతుంది. మా ఆపరేషన్స్ వాళ్లు బిల్డు జోలికి రాకుండా ప్రొడక్షన్లో పూల్ సైజు మార్చుకోగలిగేది దీనివల్లే.

మన సొంత క్లాసు అయితే రికార్డు రాసుకోవచ్చు. 2019లో వచ్చిన బూట్ 2.2తో కన్‌స్ట్రక్టర్ ద్వారా నింపే పద్ధతి మొదలైంది. 2022 నవంబరులో వచ్చిన 3.0 నుంచి, కన్‌స్ట్రక్టర్ ఒక్కటే ఉంటే అదనపు అనొటేషన్ కూడా అక్కర్లేదు. నిండాక ఎవరూ మార్చలేరు, నిశ్చింత. ఒక్క జాగ్రత్త: రికార్డుకి జావా దానంతటదే రాసిపెట్టే టూస్ట్రింగ్‌లో (వస్తువును అక్షరాల్లో చూపే మెథడ్) అన్ని ఫీల్డులూ ఉంటాయి, పాస్‌వర్డ్ కూడా. "కాన్ఫిగ్ లోడ్ అయింది" అని ఎవరైనా ఆ రికార్డును లాగ్‌లోకి పంపితే పాస్‌వర్డ్ సెంట్రల్ లాగుల్లోకి ఊరేగింపుగా వెళ్తుంది. పాస్‌వర్డ్ ఉన్న ప్రతి రికార్డుకీ టూస్ట్రింగ్ మేమే రాస్తాం. రివ్యూలో అది లేకపోతే నేను అప్రూవ్ చెయ్యను.

దీనికి తోడు @వాలిడేటెడ్ పెట్టి, యూఆర్ఎల్ ఖాళీగా ఉండకూడదనీ పూల్ సైజు ఒకటికి తగ్గకూడదనీ నియమాలు రాసుకుంటే ఇంకా బాగుంటుంది. నియమం తప్పితే వచ్చే రిపోర్టు చూడండి, ముచ్చటేస్తుంది. ఏ ప్రాపర్టీ, దాని విలువేంటి, అది ఏ ఫైల్లో ఏ లైన్లో ఎన్నో అక్షరం దగ్గర ఉంది, ఎందుకు ఒప్పుకోలేదు, అన్నీ వరసగా ఉంటాయి. "అప్లికేషన్.వైఎమ్ఎల్ - 12:11" అని కనిపిస్తే నేరుగా పన్నెండో లైనుకి వెళ్లిపోవచ్చు. అయితే 2.3 నుంచి వాలిడేషన్ స్టార్టర్ వెబ్ స్టార్టర్‌తో పాటు రావడం లేదు, డిపెండెన్సీ విడిగా పెట్టుకోవాలి.

ఇప్పుడు చికాకుల వైపు వద్దాం. రెండో డేటాసోర్స్ పెట్టే ప్రతి టీమూ ఒకసారి పడే గొయ్యి ఒకటుంది. ఫైల్లో చిట్స్.రిపోర్ట్స్.యూఆర్ఎల్ అని రాస్తాం. బీన్ మెథడ్‌లో డేటాసోర్స్‌బిల్డర్‌తో ఖాళీ డేటాసోర్స్ తయారుచేసి, పైన ఈ అనొటేషన్ పెడతాం. నడిపితే "జేడీబీసీయూఆర్ఎల్ ఈజ్ రిక్వైర్డ్ విత్ డ్రైవర్‌క్లాస్‌నేమ్" అని వస్తుంది. యూఆర్ఎల్ కళ్లముందే ఉంది కదా అని గంటసేపు ఫైలునే చూస్తూ కూర్చుంటారు. కారణం చిన్నది. 2018లో వచ్చిన బూట్ 2.0 నుంచి డిఫాల్టు పూలు హికారీ. హికారీ క్లాసులో యూఆర్ఎల్ అనే సెట్టర్ లేదు, జేడీబీసీయూఆర్ఎల్ అనే సెట్టరే ఉంది. అనొటేషన్ సెట్టర్ల పేర్లే చూస్తుంది, మన ఉద్దేశం చూడదు. మొదటి డేటాసోర్స్‌కి ఈ బాధ ఎందుకు లేదంటే, అక్కడ మధ్యలో డేటాసోర్స్‌ప్రాపర్టీస్ అనే క్లాసు నిలబడి పేర్లు కలుపుతుంది.

పరిష్కారం కూడా అదే. రెండో డేటాబేసుకీ ఒక డేటాసోర్స్‌ప్రాపర్టీస్ బీన్ పెట్టి, దానిలోని ఇనిషియలైజ్‌డేటాసోర్స్‌బిల్డర్ మెథడ్‌తో హికారీని కట్టించాలి. పూల్ సెట్టింగులకు "చిట్స్.రిపోర్ట్స్.కాన్ఫిగరేషన్" అని ఇంకో ప్రిఫిక్స్ ఇవ్వాలి. అంటే అనొటేషన్ రెండుసార్లు, రెండు బీన్ల మీద. లేదంటే ఫైల్లోనే జేడీబీసీ-యూఆర్ఎల్ అని రాసేస్తే సరిపోతుంది. తొందరలో ఉన్నవాళ్లు అదే చేస్తారు, దానిలో తప్పేమీ లేదు. ఇంకో మెలిక: మనం సొంతంగా ఒక డేటాసోర్స్ బీన్ పెట్టగానే బూట్ తను తయారుచేసే మొదటిదాన్ని విరమించుకుంటుంది, కాబట్టి రెండూ మనమే రాసి ఒకదానికి @ప్రైమరీ పెట్టాలి. 3.4 నుంచి రెండో బీన్‌కి డిఫాల్ట్‌క్యాండిడేట్ ఫాల్స్ అని ఇస్తే మొదటిది అలాగే ఉంటుంది. ఆలస్యంగా వచ్చినా మంచి మార్పు.

సమయాలతో ఒక తంటా ఉంది. మన సొంత రికార్డులో డ్యూరేషన్ టైపు పెట్టుకుంటే ఫైల్లో "30ఎస్" అని రాయొచ్చు, ముప్ఫై సెకన్లని అర్థం చేసుకుంటుంది. అదే అలవాటుతో హికారీ కనెక్షన్-టైమవుట్‌కి "30ఎస్" అంటే ఒప్పుకోదు, ఎందుకంటే అక్కడున్నది లాంగ్, మిల్లీసెకన్లలో. ఎస్ తీసేసి ఉత్త 30 రాస్తే 250 మిల్లీసెకన్లకు తగ్గకూడదని హికారీ అడ్డుపడుతుంది. పడటమే మంచిది. 30000 అని రాయాలి.

వైఎమ్ఎల్ ఫైళ్లలో పాస్‌వర్డులకు ఎప్పుడూ కొటేషన్లు పెట్టండి. సున్నాతో మొదలయ్యే అంకెల పాస్‌వర్డ్, 012345 లాంటిది, కొటేషన్లు లేకుండా రాస్తే వైఎమ్ఎల్ దాన్ని ఆక్టల్ (ఎనిమిది ఆధారంగా లెక్కించే అంకె) అనుకుని 5349గా మార్చి ఇస్తుంది. అనొటేషన్ తప్పు కాదిది, దానికి చేరేసరికే విలువ మారిపోయింది. అయినా తిట్లు తినేది అనొటేషనే.

ఇవన్నీ చిరాకులే కానీ మార్కు కోసేంతవి కావు, ఎందుకంటే అన్నింట్లోనూ ఎక్కడో ఒకచోట ఎర్రర్ వస్తుంది. నేను మార్కు కోసింది ఎర్రర్ రానిచోట.

మేం ఇంకో టీము దగ్గర్నుంచి తీసుకున్న ఒక అప్లికేషన్ ఉండేది. బూట్ 1 నుంచి 2కి మార్చి, టెస్టులన్నీ పాసయ్యాక మాకు అప్పగించారు. మామూలు రోజుల్లో చక్కగా నడిచింది. పాట రోజున బ్రాంచి నుంచి ఫోను: "మేడమ్, పాట నడుస్తోంది, సభ్యులు ఎదురుగా కూర్చున్నారు, స్క్రీను తిరుగుతూనే ఉంది." లాగుల్లో హికారీ మాట: కనెక్షన్ దొరకలేదు, 30000 మిల్లీసెకన్ల తర్వాత రిక్వెస్టు టైమవుట్ అయింది. మా టీములో కుర్రాడు ప్రాపర్టీస్ ఫైలు తెరిచి, మాక్స్-యాక్టివ్ 50 అని ఉంటే వంద చేసి రీస్టార్ట్ చేశాడు. "అక్కా, డబుల్ చేశాను, ఏం తేడా లేదు" అన్నాడు.

తేడా రాదు. ఆ కీ పూర్తి పేరు స్ప్రింగ్.డేటాసోర్స్.టామ్‌క్యాట్.మాక్స్-యాక్టివ్. టామ్‌క్యాట్ పూల్ ఉన్న కాలం నాటిది. బూట్ 2కి రాగానే పూల్ హికారీ అయింది, హికారీ ఆ కీ వైపు చూడనే చూడదు. తనకేమీ చెప్పలేదు కాబట్టి తన డిఫాల్టు పది కనెక్షన్లతో నడిచింది. ఫైల్లో యాభై ఉన్నా, వంద ఉన్నా, వెయ్యి ఉన్నా అది పదే. అప్లికేషన్ లేచేటప్పుడు ఒక్క వార్నింగ్ లేదు. ఐడీఈలో (కోడ్ రాసే ఎడిటర్లో) పసుపు గీత కూడా పడదు, ఎందుకంటే టామ్‌క్యాట్ కీ ఇప్పటికీ చెల్లుబాటయ్యే కీయే.

నిజమేంటో చూడాలంటే కామ్.జాక్సర్.హికారీ.హికారీకాన్ఫిగ్ లాగర్‌ని డీబగ్‌లో పెట్టాలి. పూల్ మొదలయ్యేటప్పుడు తన సెట్టింగులన్నీ ఒక్కో లైనుగా, పేరుకీ విలువకీ మధ్య బారెడు చుక్కలతో అచ్చేస్తుంది. పాస్‌వర్డ్ ఉన్నచోట మాస్క్‌డ్ అని ఉంటుంది. మాగ్జిమమ్‌పూల్‌సైజ్ పక్కన చుక్కల చివర 10 కనిపించగానే మా కుర్రాడు కుర్చీలో వెనక్కి వాలాడు. హికారీ.మాగ్జిమమ్-పూల్-సైజ్ అని రాసి రీస్టార్ట్ చేశాం, పాట సాగింది.

@కాన్ఫిగరేషన్‌ప్రాపర్టీస్ డిఫాల్టుగా తెలియని కీలను పట్టించుకోదు. మాగ్జిమమ్‌లో ఒక అక్షరం తప్పు రాసినా అంతే సంగతి. తమాషా ఏమిటంటే, ప్రిఫిక్స్‌లో ఒక పెద్దక్షరం పెడితే మాత్రం ఆ పేరు చెల్లదని అప్లికేషన్‌ని లేవనివ్వదు. పేరు ఎలా రాయాలన్న దాంట్లో అంత పట్టింపు ఉన్నది, ఆ పేరుకి అర్థం ఉందో లేదో చూడటంలో ఇంత నిర్లక్ష్యమా అనిపిస్తుంది. డిఫాల్టుకి కారణం లేకపోలేదు. ఒకే ప్రిఫిక్స్ కింద వేర్వేరు క్లాసులు తమ తమ కీలు తీసుకోవాలంటే మిగతావాటిని వదిలేయక తప్పదు. లైబ్రరీలకు అది కావాలి. నా పాట రోజుకి వద్దు.

మార్చుకునే దారి ఉంది. ఇగ్నోర్‌అన్‌నోన్‌ఫీల్డ్స్ అనే యాట్రిబ్యూట్‌ని ఫాల్స్ చేస్తే, తెలియని కీ కనిపించగానే ఫలానా ఎలిమెంట్స్ "వర్ లెఫ్ట్ అన్‌బౌండ్" అని పేర్లతో చెప్పి ఆపేస్తుంది. మేం దీన్ని హికారీ బీన్ మీదే పెడతాం. పైనున్న డేటాసోర్స్‌ప్రాపర్టీస్ మీద పెడితే, కింద ఉన్న కాన్ఫిగరేషన్ కీలన్నీ దానికి తెలియనివే కాబట్టి ఊరికే గొడవ పెడుతుంది. కానీ టామ్‌క్యాట్ లాంటి కేసుని ఇది కూడా పట్టుకోదు, అది వేరే ప్రిఫిక్స్. నడుస్తున్న అప్లికేషన్ లోపలి వివరాలు చూపే యాక్చుయేటర్‌లోని కాన్ఫిగ్‌ప్రాప్స్ ఎండ్‌పాయింట్‌లో ఏం నిండిందో చూడొచ్చు కానీ, బూట్ 3 నుంచి విలువలన్నీ డిఫాల్టుగా నక్షత్రం గుర్తుల వెనక దాక్కుంటాయి, షో-వాల్యూస్ మార్చుకోవాలి. భద్రత కోసమే, సరే.

ఈ విషయంలో క్వార్కస్ (స్ప్రింగ్ బూట్‌కి పోటీగా ఉన్న జావా ఫ్రేమ్‌వర్క్) మెరుగు. క్వార్కస్‌తో మొదలయ్యే కీ ఏదైనా గుర్తుపట్టలేకపోతే, ఈ కీని వదిలేస్తున్నాను, ఎక్స్‌టెన్షన్ పెట్టారో లేదో, స్పెల్లింగ్ తప్పేమో చూసుకోండి అని లాగ్‌లో వార్నింగ్ ఇస్తుంది. అక్కడి @కాన్ఫిగ్‌మ్యాపింగ్ ఇంకా కఠినం, తన ప్రిఫిక్స్ కింద తెలియని కీ ఉంటే అప్లికేషన్‌నే లేవనివ్వదు. స్ప్రింగ్ వాళ్లు కనీసం ఆ వార్నింగ్ లైను ఇచ్చినా నేను అయిదుకి అయిదూ వేసేదాన్ని.

"అయితే క్వార్కస్‌కి మారిపోదాం అక్కా" అని మా కుర్రాడి గొడవ. ఒక వార్నింగ్ లైను కోసం నడుస్తున్న అప్లికేషన్‌ని పీకి పందిరి వేయలేం. దానికి బదులు ఒక టెస్టు రాయించాను. ప్రొడక్షన్ ప్రొఫైల్‌తో అప్లికేషన్‌ని లేపి, రెండు హికారీ బీన్ల దగ్గరా గెట్‌మాగ్జిమమ్‌పూల్‌సైజ్, గెట్‌కనెక్షన్‌టైమవుట్ అడిగి, మేం అనుకున్న అంకెలే వచ్చాయో లేదో చూస్తుంది. ఫైల్లో ఏం రాశామన్నది దానికి అక్కర్లేదు, పూల్ చేతికి ఏం అందిందన్నదే అడుగుతుంది. పూల్ సైజు మార్చాలంటే టెస్టులో అంకె కూడా మార్చాలి, రెండు చోట్ల పని. విసుక్కునేవాళ్లు విసుక్కుంటున్నారు. ఆ టెస్టు మాత్రం తీసేది లేదు.